‘ఉష్ణోగ్రత’ను ‘వేడి’గా దిద్దకండి

సంపాదకులకు నమస్కారం.

శాస్త్ర వ్యాసాలు మరీ పొడిపొడిగా ఉంటున్నాయనీ, వాటిని రాసేవారు సాహిత్య, చరిత్ర వ్యాసకర్తల నుంచి కాస్త శైలి నేర్చుకోవాలనీ ఇటీవల మీ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. ఆ లేఖలో సగంతోనే నేను ఏకీభవించగలను.

ఒకసారి నేను రాసిన భౌతికశాస్త్ర వ్యాసంలో ‘ఉష్ణోగ్రత’ అనే మాట ఒకే పేరాలో ఆరుసార్లు వచ్చిందని, పునరుక్తి తగ్గించడానికి దాన్ని పరిష్కరించినవారు మూడుచోట్ల ‘వేడి’ అనీ, ఒకచోట ‘ఉష్ణం’ అనీ దిద్దారు. చదవడానికి పేరా హాయిగానే ఉంది, అర్థమే పోయింది. మామూలు వాతావరణ పీడనం వద్ద మంచు కరుగుతున్నంతసేపూ దానికి ఉష్ణం అందుతూనే ఉంటుంది, ఉష్ణోగ్రత మాత్రం 0 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిలిచిపోతుంది. నా వ్యాసం చెప్పబోయింది సరిగ్గా ఆ తేడానే. కావ్యంలో దోషమనిపించుకునే పునరుక్తి ఇక్కడ గుణం.

శాస్త్ర రచనలో రుజువు మాటల్లో ఉండదు, ప్రయోగంలో ఉంటుంది. ఇంకొకరు అదే ప్రయోగాన్ని తిరిగి చేసి చూసుకోగలిగేలా దారి చూపడమే అక్కడ మాటల పని కాబట్టి, ‘కొంతసేపు వేడిచేశాం’ అంటే చాలదు, 80 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు అని రాయవలసిందే. డీఎన్‌ఏ ద్వికుండలి (రెండు పోగులు మెలితిరిగిన) నిర్మాణాన్ని 1953లో శాస్త్రవేత్తలు వాట్సన్, క్రిక్ ప్రకటించిన పత్రం ఒక పేజీకి కాస్త మించుతుంది, అంతే. ఆ పత్రం చదవకుండానే ఆ నిర్మాణాన్ని ఎవరైనా పాఠ్యపుస్తకంలో నేర్చుకోవచ్చు. పద్యం మీద రాసిన విమర్శకు ఆ వెసులుబాటు లేదు. పద్యపాదాన్ని కళ్లెదుట పెట్టి, ఈ మాటే ఎందుకు పడింది, పక్క మాట ఎందుకు పడలేదు అని విమర్శకుడు నడిచే దారే అక్కడ ఫలితం; స్థలం చాలదని ఉదాహరించిన పాదాన్ని కత్తిరిస్తే రుజువునే కత్తిరించినట్టు. ఆధారాలు చూపే తీరులోనూ ఇదే కనిపిస్తుంది: శాస్త్ర పత్రంలో పేరు పక్కన సంవత్సరం ఉంటే సాధారణంగా సరిపోతుంది, చరిత్రకారుడు మాత్రం పుట సంఖ్య ఇవ్వాలి, ఎందుకంటే పాఠకుడు వెళ్లి చూడవలసింది ఆ పంక్తినే.

ఇక నేను ఒప్పుకునే సగం. ‘ద్రావణం వేడి చేయబడినది, ఫలితాలు నమోదు చేయబడినవి’ వంటి వాక్యాలు నిజంగానే దుర్భరం. చేసినవారిని దాచినంత మాత్రాన నిష్పాక్షికత రాదు. పైన చెప్పిన 1953 నాటి పత్రం ‘మేము’ అనే మాటతోనే మొదలవుతుంది. కాబట్టి శాస్త్ర వ్యాసాలను దిద్దే మిత్రులు ఆ ‘బడు’లను నిరభ్యంతరంగా కొట్టేయవచ్చు, పారిభాషిక పదం మీద కలం పెట్టేముందు మాత్రం రచయితను ఒక్కమాట అడగాలని నా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు