ముందు గుడి, తర్వాత శ్మశానం

చిట్టితల్లీ,

పోయిన ఆదివారం నువ్వన్న మాటకి ఫోన్లోనే జవాబు చెబుదామనుకున్నాను. ఈలోగా మీ అమ్మ ఫోన్ లాక్కుని, ఆ అమెరికా చలికి పెరుగు తోడుకుంటోందా లేదా అన్న దాంట్లోకి దిగిపోయింది. ఇక నా వంతు రాలేదు. అందుకే రాస్తున్నాను. అసైన్‌మెంట్లు అయ్యాకే చదువు.

"నలుగురం కూర్చుని నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్ చూశాం నాన్నా, సగానికే అందరం నవ్వేశాం, పాత హారర్ సినిమాలకి ఇప్పుడు భయమెయ్యదు" అన్నావు. నవ్వితే నవ్వారు, అందులో తప్పేం లేదు. పాతికేళ్ళు థియేటర్‌లో ఆపరేటర్‌గా ఎన్ని దెయ్యం సినిమాలు తిప్పానో లెక్కలేదు గానీ, నాకూ ఒక్కదానికీ భయమెయ్యలేదు. చాలాకాలం అది నా గుండె ధైర్యం అనుకున్నాను. కాదని ఈ మధ్యే తెలిసింది.

నీకు మన థియేటర్ క్యాబిన్ గుర్తుందిగా. రెండు ప్రొజెక్టర్లు, వెలుగు కోసం మండించే కార్బన్ కడ్డీల పొగ బయటికి లాగే ఫ్యాను, ఆ మోత. హాల్లో సౌండు మాకు చిన్న స్పీకర్‌లో వచ్చేది, దాన్ని కూడా తగ్గించి పెట్టుకునేవాళ్ళం. రెండు వేల అడుగుల రీలు ఇరవై రెండు నిమిషాలు. అయిపోయే ముందు తెర మీద కుడివైపు పై మూల ఒక చుక్క పడుతుంది, అప్పుడు రెండో మెషీన్ మోటారు వెయ్యాలి. ఇంకో చుక్క పడగానే చేంజోవర్, అంటే బొమ్మని ఆ రెండో మెషీన్ మీదికి మార్చెయ్యాలి. అది తప్పితే తెర తెల్లబడి నేలక్లాసు వాళ్ళు ఈలలేస్తారు. నేను దెయ్యాల మొహాల కంటే ఆ చుక్కల్నే ఎక్కువ చూశాను. కింద జనం కెవ్వుమంటుంటే, అద్దంలోంచి నాకు కనిపించేది నోరు తెరిచిన ఒక బొమ్మ, అంతే.

2009లో అరుంధతి ఆడినప్పుడు నీకు తొమ్మిదేళ్ళు. మీ అమ్మ పక్కన బాల్కనీలో కూర్చుని రెండు చేతులతో కళ్ళు మూసుకుని ఏడుస్తుంటే, నిన్ను ఎత్తుకుని క్యాబిన్‌లోకి తెచ్చాను. స్టూలెక్కి అదే సినిమాని, అదే పశుపతిని, అద్దంలోంచి మురుకులు తింటూ చూశావు! "నాన్నా, వీడు ఎందుకు అరుస్తున్నాడు?" అని కూడా అడిగావు. కింద ఉన్నప్పుడు కళ్ళు మూసుకున్నావు గానీ చెవులు మూసుకోలేదు తల్లీ. ఆ మొహం సోనూసూద్‌ది, "వదల బొమ్మాళీ" అన్న గొంతు డబ్బింగ్ చెప్పిన రవిశంకర్‌ది. నిన్ను ఏడిపించింది రెండో ఆయన.

మొన్న నలుగురూ నవ్వుకుంటూ చూసినప్పుడు కూడా నువ్వు మళ్ళీ ఆ క్యాబిన్‌లో స్టూలెక్కావనే నా అనుమానం.

థియేటర్ కల్యాణ మండపం అయ్యాక నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. ఒళ్ళు సెకండ్ షో టైముకి అలవాటు పడిపోయింది కదా. నువ్వు వదిలేసి వెళ్ళిన పెద్ద హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మీ అమ్మ పడుకున్నాక ఒక్కొక్కటీ చూడ్డం మొదలుపెట్టాను. ఇన్నాళ్ళూ నేను సినిమాలు చూపించాను గానీ చూడలేదు.

మొదట చూసింది నోస్ఫరాటు. 1922, జర్మనీ, మూర్నో తీసిన మూకీ. నీకు దొరికిన కాపీలో మనుషులు గంతులేసినట్టు నడిస్తే ఆపెయ్. మూకీల్ని సెకనుకి పదహారు, పద్దెనిమిది ఫ్రేములకి తిప్పేవాళ్ళు, వాటిని ఇరవై నాలుగుకి తిప్పితే భయం పోయి సర్కస్ అవుతుంది. సినిమా తప్పు కాదు, తిప్పిన వాడి తప్పు. సరైన స్పీడులో ఉన్న కాపీ దొరికితే, మెట్లెక్కుతున్న ఆ నీడ చూడు. మనిషి కనపడడు, గోడ మీద వేళ్ళు మాత్రం పొడుగ్గా సాగుతూ వెళ్తాయి. అడవిలో బండి వెళ్ళే సీన్‌లో చెట్లు తెల్లగా, ఆకాశం నల్లగా ఉంటుంది. ఏం చేశాడో నాకు చూడగానే అర్థమైంది. నెగటివ్‌ని అలాగే వాడేశాడు! దమ్మిడీ ఖర్చు లేని పని. ఆ సినిమాని డ్రాకులా నవల రాసిన బ్రామ్ స్టోకర్ కుటుంబం అనుమతి లేకుండా తీశారు. ఆయన భార్య కేసు వేసి గెలిచింది, 1925లో ప్రింట్లన్నీ నాశనం చెయ్యమని కోర్టు తీర్పిచ్చింది. అప్పటికే కొన్ని ప్రింట్లు వేరే దేశాలకి వెళ్ళిపోయి ఉండబట్టి మనకి మిగిలింది. విజయవాడ గాంధీనగర్ నుంచి బస్సు టాపు మీద వచ్చిన ఫిల్ము పెట్టెల్ని ముప్పై నలభై మెట్లు మోసినవాణ్ణి నేను. ఎవరో ఒకాయన ఆ పెట్టెని తగలబెట్టకుండా మూలన పడేసి ఉంటాడు అనుకుంటే ఆయనకి దండం పెట్టాలనిపించింది.

సైకో 1960ది, హిచ్‌కాక్ తీసింది. హీరోయిన్ని కత్తితో పొడిచే బాత్‌రూమ్ సీన్ గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. కానీ ఒక పని చెయ్యి. ఆ సీన్ ముందు సౌండు లేకుండా చూడు, తర్వాత సౌండుతో చూడు. నేను అలాగే చూశాను. సౌండు లేకపోతే గబగబా కత్తిరించి అతికించిన ముక్కలు, రక్తం బదులు చాక్లెట్ సిరప్. సౌండు పెడితే ఒళ్ళు జలదరిస్తుంది. హిచ్‌కాక్ మొదట అక్కడ సంగీతమే వద్దన్నాడట. సంగీతం చేసిన బెర్నార్డ్ హెర్మన్ వట్టి వయొలిన్ల లాంటి తీగ వాయిద్యాలతోనే చేసి వినిపిస్తే ఒప్పుకున్నాడు. పాతికేళ్ళు క్యాబిన్ స్పీకర్ తగ్గించి నేనేం పోగొట్టుకున్నానో ఆ రాత్రి తెలిసింది.

ఇప్పుడు మీరు నవ్విన ఆ నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్ తీసిన రొమేరో దగ్గరికి వస్తాను. 1968లో, మీ పిట్స్‌బర్గ్ చుట్టుపక్కలే, చేతిలో ఉన్న డబ్బులతో తీసిన సినిమా. ఇందులోనూ రక్తం చాక్లెట్ సిరప్పే. లేచి తిరిగే శవాల్ని ఇప్పుడందరూ పిలిచే జాంబీ అన్న మాట సినిమా మొత్తంలో ఒక్కసారి కూడా వినపడదు, గమనించావా? చివర్లో సినిమా పేరు మార్చినప్పుడు టైటిల్ కార్డు మీద కాపీరైట్ గుర్తు వెయ్యడం మర్చిపోయారు. దాంతో సినిమా ఎవరి సొత్తూ కాకుండా పోయింది, ఎవరు పడితే వాళ్ళు ఆడించుకున్నారు. పాపం వాళ్ళకి రావలసిన డబ్బులు రాలేదు. ప్రింటు కారు డిక్కీలో వేసుకుని న్యూయార్క్‌లో చూపించడానికి వెళ్తుంటే, దారిలో రేడియోలో మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపేశారన్న వార్త విన్నారట. రొమేరోనే చాలాసార్లు చెప్పాడు. డిక్కీలో ఉన్న సినిమాలో హీరో నల్లజాతి మనిషి. చివరికి అతన్నీ కాల్చి చంపేస్తారు, నువ్వు చూశావు.

చూశావా అసలు? ఆ ఆఖరి అయిదు నిమిషాలు కూడా నవ్వారా? అది నువ్వు చెప్పలేదు.

నాకైతే అక్కడ బొమ్మ ఆగిపోవడంతో ప్రాణం పోయింది. పేపర్లో ఫోటోల్లాగా, మచ్చలు మచ్చలుగా, ఒక్కో బొమ్మ కదలకుండా నిలబడిపోతుంది. నీకది మామూలుగా అనిపించి ఉంటుంది. ప్రొజెక్టర్‌లో బొమ్మ ఆగిందంటే ఆ వేడికి ఫిల్ము మధ్యలోంచి బుడగలు లేచి కాలిపోతుంది తల్లీ. మంచం మీద ఫోన్‌లో చూస్తున్నానన్న సంగతి మర్చిపోయి వెలుగు ఆపే షట్టర్ కోసం చెయ్యి చాచాను.

ఈ శవాల వరసలో ఆయనదే రెండోది, డాన్ ఆఫ్ ది డెడ్, మీ మన్రోవిల్ మాల్‌లో తీశారు. రాత్రి షాపులు మూసేశాక షూటింగ్, తెల్లారేసరికి సర్దేసుకోవడం. క్రిస్మస్ అలంకరణలు పెట్టినన్నాళ్ళూ షూటింగ్ ఆపేసుకున్నారు. పెన్ హిల్స్ వెంకన్న గుడికి వెళ్ళి వస్తూ అదే మాల్ ముందు ఫోటో దిగి పంపావు, గుర్తుందా? ఎస్కలేటర్ మీద చచ్చిన వాళ్ళు ఊగుతూ తిరిగింది అక్కడే. ఆ సినిమా 1978ది. అదే ఏడాది మా ఊరి టూరింగ్ టాకీస్‌లో నేను జగన్మోహిని చూశాను.

అప్పుడు నాకు పదకొండేళ్ళు, ఇంకా క్యాబిన్ ఎక్కలేదు, నేల టిక్కెట్టు. విఠలాచార్య గారి దెయ్యం కట్టెలకి బదులు తన కాళ్ళే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. ఇప్పుడు నీ ఫ్రెండ్స్‌కి చూపిస్తే పడీపడీ నవ్వుతారు, నేను కూడా వాళ్ళతో కలిసి నవ్వుతాను. కానీ ఆ రాత్రి ఇంటికెళ్ళి, పొయ్యి ముందు కూర్చున్న మా అమ్మ కాళ్ళు ఎక్కడున్నాయా అని చూశాను. ఆవిడ చీర సర్దుకుని కాళ్ళు ముడుచుకుని కూర్చుంది, కనపడలేదు. అన్నం వద్దని పడుకున్నాను. కోటలూ కొరివి దెయ్యాలూ ఎన్నైనా చూడొచ్చు, మన వంటింట్లో మన మనిషి అనుకున్నది మన మనిషి కాదంటే తట్టుకోలేం. రొమేరో దెయ్యాలు కూడా పక్కింటివాళ్ళే కదా, కొత్తగా ఎక్కణ్ణించో దిగినవి కావు.

ఒక సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చేరిన రెండో ఏడాది అనుకుంటా, ఒక డబ్బింగ్ దెయ్యం సినిమాకి సెకండ్ షోలో నాలుగో రీలుకి ముందు అయిదోది ఎక్కించాను. అయిదులో చచ్చిపోయిన మావయ్య నాలుగులో కాఫీ తాగుతూ ప్రత్యక్షమయ్యాడు. ఇక నా ఉద్యోగం పోయిందనుకుంటుంటే హాలంతా ఒకటే కేక! ఆయన మాట్లాడిన ప్రతి మాటకీ జనం వణికిపోయారు. బయటికి వస్తూ ఒకాయన మేనేజర్‌తో "మావయ్య దెయ్యం మాత్రం అదరగొట్టాడండీ" అన్నాడు. మర్నాడు రీళ్ళు సరిగ్గా వేస్తే సినిమా చప్పగా అనిపించింది నాకు.

రామ్‌గోపాల్ వర్మ రాత్రి 1992లో నా చేతుల మీదుగానే ఆడింది. మన ఊళ్ళో ఎక్కువ రోజులు ఉండలేదు. అదేంటి, ఇంట్లో కెమెరా ఊరికే అటూ ఇటూ తిరుగుతోంది, దెయ్యాన్ని చూపించడేంటి అనుకున్నాను అప్పుడు. ఇప్పుడు చూస్తే ఆ తిరిగే కెమెరానే దెయ్యం. రేవతి వెనకాల నేలబారున వస్తూ ఉంటుంది, మనం దాని కళ్ళతో చూస్తుంటాం. పదకొండేళ్ళ తర్వాత ఆయనే హిందీలో భూత్ తీస్తే అందులో పాటల్లేవు. ఆపరేటర్‌గా నాకు దాని విలువ తెలుసు. పాట వస్తే జనం బీడీకి బయటికి పోతారు, భయం కూడా వాళ్ళతో పాటే పోతుంది.

జపాన్ వాళ్ళ రింగు (1998) మాత్రం ఒంటరిగా చూడకు. ఒంటరిగా చూడమని చెప్పడానికే ఇంత రాస్తున్నాను గానీ, అదొక్కటీ వద్దు. శపించిన వీడియో క్యాసెట్ కథ. (క్యాసెట్టు మా థియేటర్లకి నిజంగానే శాపం, వీడియో పార్లర్లు వచ్చాక నేలక్లాసు సగం ఖాళీ అయింది.) అందులో దెయ్యం పిల్ల నడక చూస్తే ఎక్కడో ఏదో తేడాగా ఉంటుంది, ఏమిటో తెలియదు. నటిని వెనక్కి నడిపించి ఫిల్ముని రివర్స్ చేశారు. రోజూ రీళ్ళు వెనక్కి చుట్టిన నాకు కూడా రెండోసారి చూస్తే గానీ దొరకలేదు. సినిమా అయ్యాక మన పాత టీవీకి మీ అమ్మ కుట్టిన గుడ్డ బీరువాలో వెతికి, కొత్త టీవీ మీద కప్పి పడుకున్నాను. పొద్దున్నే "ఇదెవరు కప్పారు?" అంది. దుమ్ము పడుతోందని చెప్పాను.

2013 నుంచి మనవాళ్ళు వరసగా తీసిన దెయ్యం కామెడీల గురించి నన్ను అడగొద్దు. ఒకటి రెండు బాగున్నాయి, మిగతావాటిలో దెయ్యాన్ని చూస్తే జాలేసింది. ఈ మధ్యవాటిలో మసూద చూడు. మమ్ముట్టి భ్రమయుగం తప్పకుండా చూడు, 2024లో నలుపు తెలుపులో తీశారు. ముగ్గురు నలుగురు మనుషులు, ఒక పాడుబడిన ఇల్లు, వాన. నూరేళ్ళనాటి ఆ జర్మనీ మూకీ నీడలే మలయాళంలోకి వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది. లైట్లార్పి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడు. ఫోన్ పక్కగదిలో పెట్టు.

ఇంకొకటి. రొమేరో సినిమా మొదట్లో వచ్చే ఆ శ్మశానం మీ ఊరికి ఉత్తరాన ఇవాన్స్ సిటీలో ఉంది, ఫ్రెండ్స్‌తో కారులో వెళ్ళొస్తానన్నావు. నాకొక ఫోటో కావాలి. ఈ మాట మీ అమ్మ చెవిన పడింది. వద్దంటుందనుకున్నాను. వద్దనలేదు గానీ, అదే రోజు గుడికి కూడా వెళ్దామనుకుంటే ముందు గుడి, తర్వాత శ్మశానం అని మరీ మరీ రాయమంది. పగలే వెళ్ళి పగలే రావాలట. ఇంట్లోకి అడుగుపెట్టగానే ఏదీ ముట్టుకోకుండా తలస్నానం. చలిగా ఉందని వంక పెట్టి మానొద్దంది. నీళ్ళు బాగా కాగాకే పోసుకో.

మీ నాన్న