సంతకం పెట్టే ముందు

మూలాపేట, నెల్లూరు.

చి. సౌ. సుధకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. పెద్దత్తయ్యకు మోకాలి నొప్పి తగ్గింది. అమ్మ పొదలకూరు నిమ్మకాయలతో పెట్టిన ఊరగాయను శీను చేతికిచ్చి పంపుతున్నాము. జాడీలో తడి గరిటె పెట్టవద్దు. వాడు మొన్న మాటల మధ్యలో, మీ ఆఫీసులో ఆడిట్ నోట్లు సగం కృత్రిమ మేధే రాసిపెడుతున్నదని, నువ్వు ఒక క్లయింటు లెడ్జరు మొత్తాన్ని చాట్‌జీపీటీకి ఇచ్చి తప్పులు వెతికించావని చెప్పాడు. వాడి మాటలన్నీ నేను నమ్మను. అయినా పండగ తరువాత నువ్వు ఒక్కసారైనా ఫోన్ చేయకపోవడంతో మనసు అక్కడే తిరుగుతోంది.

ఆ యంత్రాన్ని ముట్టుకోవద్దని నేను అనను. ఒకే బిల్లు రెండుసార్లు పడిందా, ఆదివారం అర్ధరాత్రి ఎవరైనా పుస్తకాల్లో పద్దు (జర్నల్ ఎంట్రీ) వేశారా అన్నది అది నీకన్నా త్వరగా పట్టగలదు. నా బెంగ వేరు. క్లయింటు నిన్ను నమ్మి ఇచ్చిన లెక్కను అతని అనుమతి లేకుండా ఇతరులకు వెల్లడించడం దుష్ప్రవర్తన అని 1949 నాటి మీ చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం రెండవ షెడ్యూలు మొదటి క్లాజులోనే ఉన్నది. ఎవరిదో తెలియని సర్వరుకు పంపడం కూడా వెల్లడించడమేనని నా అభిప్రాయం. ఆఫీసు కంప్యూటర్లలో అటువంటివి వాడవద్దని 2025 జనవరిలో కేంద్ర ఆర్థిక శాఖ తన ఉద్యోగులకు చెప్పింది కూడా సమాచారం బయటికి పోతుందన్న భయంతోనే.

రాత్రి పదకొండింటి దాకా ఆఫీసులోనే ఉంటున్నావట. కళ్లద్దాలు మార్పించుకున్నావా? అలసిన కళ్లకు యంత్రం రాసినదంతా నిజంలాగే కనబడుతుంది. డెలాయిట్ అనే పెద్ద ఆడిట్ సంస్థ కృత్రిమ మేధ సాయంతో తయారుచేసి ఆస్ట్రేలియా ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో ఎవరూ రాయని పరిశోధనలు, తీర్పులో లేని వాక్యం బయటపడి, సుమారు 4,40,000 ఆస్ట్రేలియా డాలర్ల ఒప్పందంలో కొంత సొమ్మును 2025లో తిరిగి ఇవ్వవలసి వచ్చింది. అంత పెద్దవాళ్లు చదవకుండా పంపారంటే నాకు భయంగా ఉన్నది.

మీ తాతయ్య స్టోన్‌హౌస్‌పేటలో ఒక షావుకారు దగ్గర గుమస్తాగా ఉన్నప్పుడు, తాకట్టు పెట్టిన ధాన్యం నిల్వ చూసి రమ్మని ఆయనను ఒక మిల్లుకు పంపారు. చిట్టా, తూకం చీటీలు, హమాలీ కూలి రసీదులు అన్నీ పైసాతో సహా సరిపోయాయి. పేర్చిన బస్తాల నెట్టు పొడవు, వెడల్పు, ఎత్తు లెక్కవేస్తే బస్తాలూ సరిపోయాయి. తాతయ్య నిచ్చెన అడిగారు. ఎండగా ఉన్నది, కాఫీ తాగండి, కుర్రవాడు ఎక్కి చూస్తాడని మిల్లువాళ్లు ఎంత చెప్పినా వినక, పంచె ఎగగట్టి తానే ఎక్కారు. అంచున గట్టిగా ఉన్న బస్తాలు నడుమకు పోయేసరికి కాలికింద ఊగాయి. ఒక బస్తా పక్కకు లాగితే వెదురు బొంగులు, వాటిమీద ఈతచాప, కిందంతా చీకటి. చుట్టూ నాలుగు వరుసలే ధాన్యం, లోపల బోలు. సాయంత్రం ఇంటికి ఒక సంచి వచ్చింది. దానిని తిప్పి పంపి, చూసింది చూసినట్టు రాసి సంతకం పెట్టారు. ఆ ఏడు అమ్మమ్మ గొలుసు ఎటు పోయిందో నీకు తెలిసిందే.

సత్యం కంపెనీ పుస్తకాలలోనూ బ్యాంకు నిల్వలు చక్కగానే కనబడ్డాయి. 5,040 కోట్లు అసలు లేవని 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజే రాసేదాకా ఆడిటర్లు పట్టుకోలేదు. నువ్వు అప్పుడు బడిలో ఉన్నావు. కృత్రిమ మేధకు నువ్వు ఏ కాగితం ఇస్తే అది ఆ కాగితాన్నే చూస్తుంది. బ్యాంకుకు నేరుగా రాసి జవాబు తెప్పించుకోవలసినది, గోడౌనుకు వెళ్లి నెట్టు ఎక్కవలసినది నువ్వే. సంతకం చేసిన ప్రతి పత్రానికీ వేసే గుర్తింపు సంఖ్య, ఆ యూడీఐఎన్, నీ సంతకానికి వస్తుంది కానీ దానికి రాదు. రేపు క్రమశిక్షణ సంఘం పిలిచినా నిన్నే పిలుస్తుంది.

ఎక్కువ రాశానని విసుక్కోకు. ఆ లెడ్జరులో పేర్లు, పాన్ నంబర్లు తీసివేసి ఇచ్చావా, క్లయింటు అనుమతి కాగితం మీద ఉన్నదా, మీ పార్ట్‌నరుకు తెలుసా అన్నవి విడివిడిగా రాయి. లేకపోతే ఇప్పుడే వెళ్లి ఆయనకు చెప్పు, శీను చెప్పేదాకా ఆగవద్దు. రాత్రిపూట పెరుగన్నమైనా తిని పడుకో.

ఆశీస్సులతో,
నాన్న