ఫోన్ ఎత్తడం లేదని ఉత్తరం రాస్తున్నా

బిడ్డా స్వాతీ,

పదకొండు రోజులైంది నీ గొంతు విని. కోపం లేదులే, పనిలో ఉంటావని తెలుసు. ఇక్కడ బత్తాయి కోత అయిపోయింది, మీ నాయిన ఇప్పుడిప్పుడే వేళకు తింటున్నాడు. రమణ బాబాయితో ఒక సంచి పంపిస్తున్నా, తొనలు ఒలుచుకుని తిను. జ్యూస్ తాగకు, షుగర్ గబుక్కున పెరుగుతుంది.

మొన్న సూర్యాపేట పెళ్లిలో మీ ఆడపడుచు కలిసింది. గుట్ట నరసింహస్వామికి మొక్కుకుని, కడుపుతో ఉండి కూడా నీసు, గుడ్లు అన్నీ మానేశావట, అరికాళ్లు తిమ్మిరి పడుతున్నాయన్నావట. అక్కడ నవ్వుతూనే ఉన్నా గానీ ఇంటికొచ్చాక ముద్ద దిగలేదు.

పద్మ చిన్నమ్మ సంగతి నీకు సగమే తెలుసు. రెండో కాన్పు అప్పటికే ఏళ్ల తరబడి షుగర్‌కి మెట్‌ఫార్మిన్ గోళీ వేసుకునేది, నీలాగే. రక్తం తక్కువుందని ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు, రక్తం పెరిగింది, అందరం నిమ్మళంగా ఉన్నాం. తిమ్మిర్లు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి, కడుపుతో ఉంటే అంతేలే అనుకున్నాం, నేను కూడా. ఒకరోజు దేవరకొండ బస్టాండులో ఎడమ కాలి చెప్పు జారిపోతే దానికి తెలియనే లేదు, ఒంటి చెప్పుతో బస్సెక్కింది. అప్పుడు భయమేసి హైదరాబాద్ తీసుకెళ్తే, అక్కడి డాక్టరమ్మ మెట్‌ఫార్మిన్ ఎన్నేళ్ల నుంచి అని అడిగి బీ12 అనే విటమిన్ పరీక్ష రాసింది. ఆ గోళీ ఏళ్ల తరబడి వాడితే బీ12 ఒంటికి పట్టడం తగ్గుతుందట. ఫోలిక్ యాసిడ్‌తో రక్తం బాగైనట్టే కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. ఇంజెక్షన్లతో చాలా వరకు తగ్గింది గానీ ఆ కాలి వేళ్లకు ఇప్పటికీ స్పర్శ సరిగా లేదు.

అందుకే చెప్తున్నా, ఏ గోళీ నీ అంతట నువ్వు ఆపకు. షుగర్ ఉన్నందుకు నీకు 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ రాశారు కదా, అదీ వేసుకో. కానీ బీ12 పరీక్ష చేయమని నోరు తెరిచి అడుగు, తిమ్మిర్ల సంగతి దాచకు. పుంటికూర, పాలకూర ఎంత తిన్నా అందులో బీ12 ఉండదు. అది పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది. నీకు తక్కువైతే కడుపులో బిడ్డకూ తక్కువే, రేపు నీ పాలలోనూ తక్కువే. లెక్చర్ ఇవ్వొద్దనుకున్నా, ఇచ్చేశా.

మొక్కు గురించి బెంగ పెట్టుకోకు. దాన్ని నా మీద వేసుకున్నా, నీ కాన్పయ్యేదాకా నేను నీసు ముట్టను, స్వామికి చెప్పే వచ్చా. నువ్వు గుడ్డు తిను.

సంచిలో అడుగున ఊకలో పెట్టి ఇరవై నాటుకోడి గుడ్లు ఉన్నాయి, జాగ్రత్తగా తియ్యి. పగలకుండా చేరాయో లేదో ఫోన్ చేసి చెప్పు.

అమ్మ