ఒంటె మీద నీకంత కోపమెందుకురా

హన్మకొండ

అరే దోస్తూ,

బాగున్నావా? వదిన, పిల్లలు ఎట్లున్నారు? మేమందరం ఇక్కడ మంచిగనే ఉన్నాం.

షిఫ్ట్ దిగి వచ్చి నువ్వు పంపిన ఆ పొడుగు వాయిస్ మెసేజ్ మొత్తం విన్నాను. సగం దగ్గు, సగం తిట్లు. తిట్లు కూడా నా మీద కాదు, పాపం చదరంగంలోని ఒంటె మీద, అంటే బిషప్ మీద. "చదరంగంలో బిషప్ అంత దండగ పావు ఇంకోటి లేదు, ఎదురైన మొదటి గుర్రానికే దాన్ని ఇచ్చి వదిలించుకోవాలి" అని తీర్పు చెప్పేశావు. ఫోన్‌లో అయితే నన్ను మాట పూర్తి చేయనియ్యవు. అందుకే తీరిగ్గా రాస్తున్నా. చాయ్ తెచ్చుకుని కూర్చో.

ముందు నీ వైపు ఎంత న్యాయముందో ఒప్పుకుంటా. ఒంటె నడిచేది ఐమూలగానే, అందుకే తెల్ల గడిలో ఉన్న ఒంటె ఆట అయిపోయేదాకా తెల్ల గడుల్లోనే తిరగాలి. 64 గడుల్లో 32 దానికి లేనట్టే. పక్క గడిలో శత్రువు సిపాయి కూర్చుని వెక్కిరించినా చూస్తూ ఉండాల్సిందే. గుర్రానికి ఆ బాధ లేదు. ఎత్తు ఎత్తుకూ రంగు మారుతుంది, ఓపికుంటే ఏ గడికైనా చేరుతుంది, ఎవరి నెత్తి మీంచైనా దూకుతుంది.

ఇప్పుడు లెక్క చూడు. ఖాళీ బోర్డు నడుమ నిలబెడితే గుర్రం 8 గడులను చూస్తుంది, ఒంటె 13. మూలకు తోస్తే గుర్రానికి మిగిలేవి 2, ఒంటెకు 7. మొత్తం గడుల మీద సగటు తీస్తే గుర్రానికి 5.25, ఒంటెకు 8.75. ఈ మూలన ఎ1 నుంచి ఎదురు మూలన హెచ్8కి ఒంటె ఒక్క ఎత్తులో పోతే, గుర్రానికి 6 ఎత్తులు పడతాయి. ఇంత తేడా ఉన్నా చిన్నప్పుడు మనకు రెండింటికీ మూడేసి మార్కులని నేర్పారంటే, ఆ రంగు గొడవే కారణం. అమెరికా ప్రపంచ చాంపియన్ ఫిషర్ మాత్రం ఒంటెకు 3.25 ఇచ్చాడు. ఆల్ఫాజీరో అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ తనతో తాను ఆడుకున్న ఆటల నుంచి 2020లో తీసిన విలువల్లో ఒంటెకు 3.33, గుర్రానికి 3.05 వచ్చాయి. ల్యారీ కాఫ్‌మన్ అనే అమెరికా ఆటగాడు మాత్రం 1999లో బోలెడన్ని ఆటలు జల్లెడ పట్టి, విడివిడిగా చూస్తే రెండూ సమానమేనన్నాడు. అయితే ఒంటెలు రెండూ చేతిలో ఉంటే అర సిపాయంత లాభమట. బోర్డు మీద సిపాయిలు ఎక్కువున్న కొద్దీ గుర్రం విలువ కొంచెం కొంచెం పెరుగుతుందని కూడా అతనే చెప్పాడు. ఈ చివరి మాట గుర్తు పెట్టుకో, దీంతో పనుంది.

మరి నీకు గుర్రం అంత గొప్పగా ఎందుకు కనిపిస్తుంది? నువ్వు ఆడేది పది నిమిషాల ఆట. అవతలివాడు బస్సులోనో, బువ్వ తింటూనో ఆడుతుంటాడు. వంకరగా వచ్చే గుర్రం వాడి కంట పడదు. మా చిన్నది చెస్ క్లాసులో చేసేదీ ఇదే. మన హన్మకొండ పిల్లగాడు ఎరిగైసి అర్జున్ 2024లో బుడాపెస్ట్‌లో జరిగిన చెస్ ఒలింపియాడ్‌లో, అంటే దేశాల జట్ల పోటీలో, మూడో బోర్డు మీద బంగారం కొట్టి, ఆ డిసెంబర్‌లోనే 2800 రేటింగ్ దాటాడు కదా, అప్పటి నుంచి మా కాలనీలో చెస్ క్లాసుకు పోని పిల్లలు తక్కువ. అందరికీ ఒకటే సరదా: సి7లో గుర్రాన్ని దించి, ఇ8లో రాజుకు చెక్ చెప్పి, ఎ8లో ఏనుగును కొట్టేయడం. ఎగిరి గంతేస్తారు. జర ముదిరాక ఎదుటి పిల్లలు సి7కి కాపలా పెట్టుకుంటారు. అప్పుడు మొదలవుతుంది గుర్రం అసలు కష్టం.

ఒకే ఎత్తుతో రెండు పావుల మీద పడే ఈ ఫోర్కుల నుంచి తప్పించుకునే చిట్కా ఒకటి చెప్తా, నీకు కాదు, నీతో ఆడేవాళ్ళకు పనికొస్తుంది. గుర్రం ఇ4లో ఉందనుకో. రాజును జి6లో పెట్టాలి, అంటే ఐమూలగా రెండో గడిలో. అక్కడున్న రాజుకు చెక్ చెప్పాలంటే గుర్రం తక్కువలో తక్కువ మూడు ఎత్తులు ఆడాలి. గడియారంలో సెకన్లు మాత్రమే మిగిలి టెన్షన్‌లో ఉన్నప్పుడు ఇది మస్తు పనికొస్తుంది.

ఇక నువ్వు ఏడ్చుకుంటూ పంపిన ఆ స్క్రీన్‌షాట్ సంగతి. నల్ల పావులు నీవి. సిపాయిలు డి5, ఇ6, ఎఫ్5లో. మూడూ తెల్ల గడులే. నీ ఒంటె డి7లో ఉంది, అదీ తెల్ల గడే. ముందు నీ సొంత సిపాయిలు గోడ కట్టినట్టు నిలబడితే అది ఎటు పోతుంది చెప్పు? అవతలివాడి గుర్రమేమో ఇ5లో దర్జాగా కూర్చుంది. దాన్ని తరిమే సిపాయి నీ దగ్గర లేదు. ఆ పని చేయాల్సిన డి సిపాయి, ఎఫ్ సిపాయి రెండూ ముందుకు దాటిపోయాయి, సిపాయి వెనక్కి రాదు. అంటే డి5, ఎఫ్5 తోసినప్పుడే నువ్వు రెండు పనులు చేశావు: నీ ఒంటె తొవ్వ మూసేశావు, వాడి గుర్రానికి ఇల్లు కట్టిచ్చావు. ఆ తర్వాత నలభై ఎత్తులు ఒంటెను తిట్టుకుంటూ ఆడావు.

అట్లా నిలబెట్టడమే తప్పని అనట్లేదు, దాన్ని స్టోన్‌వాల్ అని పెద్ద పెద్ద ఆటగాళ్ళే ఆడారు. కానీ వాళ్ళు ఆ ఒంటెను డి7లో నిద్రపోనియ్యరు. డి7 నుంచి ఇ8కి, అక్కడి నుంచి హెచ్5కి తెస్తారు. గోడ వెనక నుంచి చుట్టు తిరిగి బయటికొచ్చిన ఒంటె ఎఫ్3, ఇ2 గడుల మీద కన్నేస్తుంది. నీకు ఆ రెండు ఎత్తులకు తీరిక దొరకలేదు, పక్కన ఒక ఫోర్క్ కోసం గుర్రంతో గంతులేయిస్తున్నావు.

ఈ రెండు పావుల గొడవంతా నాకు ఇక్కడే తెగుతుంది. ఇచ్చిపుచ్చుకునే ముందు పావుల మార్కులు కాదు, నేను సిపాయిల వైపు చూస్తాను. నడుమ సిపాయిలు ఒకదానికొకటి తగులుకుని కదలకుండా ఉంటే గుర్రాన్ని ఉంచుకుంటా. నడుమ ఖాళీ అయి, రెండు పక్కలా సిపాయిలు మిగిలితే ఒంటెను ప్రాణం పోయినా వదలను. ఎందుకంటే గుర్రం ఈ కొస నుంచి ఆ కొసకు పోయేసరికి అక్కడ సిపాయి మంత్రి అయి కూర్చుంటుంది.

కాస్పరోవ్ గుర్రం సంగతి నువ్వు ఎట్లాగూ ఎత్తుతావు, నేనే ఎత్తుతా. 1985, మాస్కో, అప్పటి చాంపియన్ కార్పోవ్‌తో ప్రపంచ పోటీ, 16వ ఆట. నల్ల గుర్రం తెల్లవాళ్ళ ఇంట్లోకి చొరబడి డి3లో దిగింది. కార్పోవ్ ఏనుగులు రెండూ కట్టేసినట్టు అయ్యాయి. ఆక్టోపస్ అని పేరు పెట్టారు దానికి. ఒప్పుకుంటా, అంత అందమైన గుర్రం అరుదు. కానీ ఆ గుర్రానికి వెనక నుంచి కాపలా కాసింది ఎవరో చూశావా? మొదట ఎఫ్5లో, తర్వాత జి6లో నిలబడ్డ ఒంటె!

నా వైపు సాక్షి ఫిషర్. 1971, వాంకూవర్, సోవియట్ ఆటగాడు టైమనోవ్‌తో నాలుగో ఆట. చివరికి ఫిషర్‌కు ఒంటె, టైమనోవ్‌కు గుర్రం మిగిలాయి. తెల్ల పావుల వైపు నుంచి చూస్తే కుడి పక్కనున్న టైమనోవ్ సిపాయిలు ఎఫ్5, జి6, హెచ్5లో చిక్కుకున్నాయి. మూడూ తెల్ల గడులు, ఒంటెదీ అదే రంగు. జి6ను కాచుకుంటూ గుర్రం ఇ7కి కట్టుబడిపోయింది. ఇక్కడే అసలు మజా. ఒంటె అదే గీత మీద అటో ఇటో జరిగి ఒక ఎత్తు కాలక్షేపం చేయగలదు. గుర్రం చేయలేదు, కదిలితే రంగు మారిపోతుంది. అట్లా ఎత్తు ఎత్తుకూ ఊపిరాడకుండా చేసి, ఆఖర్న ఫిషర్ అదే ఒంటెను జి6లో సిపాయికి బలిచ్చి, తన రాజుతో రెండో పక్క సిపాయిలను ఊడ్చేశాడు. ఆ మ్యాచ్ 6-0. ఓపిక చేసుకుని ఆ ఎండ్‌గేమ్, అంటే ఆట చివరి భాగం, బోర్డు మీద పేర్చి చూడు, ఫోన్‌లో కాదు.

అయితే అదే ఫిషర్ మరుసటి ఏడాది రేక్యవిక్‌లో అప్పటి ప్రపంచ చాంపియన్ స్పాస్కీతో మొదటి ఆటలోనే ఒంటెతో హెచ్2 సిపాయిని కొట్టి, ఒక్క జి3తో దాన్ని లోపల ఇరికించుకున్నాడు. ఆట ఓడిపోయాడు. ఒంటెకు గుడ్డి భక్తుడిని కాదని తెలియడానికి చెప్తున్నా.

బోర్డు దగ్గరుంటే ఇది కూడా పేర్చు: నీ గుర్రం ఎ5లో, నా ఒంటె డి5లో. గుర్రం పోగలిగినవి బి3, సి4, సి6, బి7. నాలుగింటినీ ఒంటె ఒక్కచోట కూర్చునే కాస్తుంది. అంచున ఉన్న గుర్రానికి జైలే. తర్వాత నా రాజు తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి దాన్ని పట్టుకుంటాడు.

జతల సంగతి కూడా తేడానే. రెండు ఒంటెలు, రాజు ఉంటే ఒంటరి రాజుకు మేట్ చేయొచ్చు, అంటే తప్పించుకోలేకుండా కట్టేయొచ్చు. రెండు గుర్రాలతో బలవంతంగా మేట్ చేయడం కుదరదు, అవతలివాడే పోయి తల పెడితే తప్ప. ఒకటి ఒంటె, ఒకటి గుర్రం ఉంటే అవుతుంది, కానీ ఒంటె రంగున్న మూలకే రాజును తరమాలి. అది మాటల్లో చెప్పినంత సులువు కాదు. 2013లో అప్పటి మహిళల ప్రపంచ చాంపియన్ అన్నా ఉషెనినా జెనీవాలో అదే ఎండ్‌గేమ్‌ను నియమం ఇచ్చే 50 ఎత్తుల్లో ముగించలేక డ్రా చేసుకుంది. మనమెంత! మంత్రి పక్కన మాత్రం గుర్రమే బాగా కలిసొస్తుందంటారు. మంత్రికి రాని నడక అదొక్కటే కాబట్టి, అది నాకూ నిజమనే అనిపిస్తుంది.

నీలాంటి గుర్రాల పిచ్చోడు వెనకటికి రష్యాలో ఉన్నాడు, చిగోరిన్. ఆట మొదట్లోనే ఒంటెను గుర్రానికి ఇచ్చేయడానికి వెనకాడని మనిషి. 1889లో, 1892లో హవానాలో అప్పటి చాంపియన్ స్టెయినిట్జ్ మీద ప్రపంచ పోటీ ఆడాడు, రెండూ ఓడిపోయాడు. కానీ ఇచ్చేటప్పుడు బదులుగా ఏం వస్తుందో అతనికి తెలుసు. నీకు వచ్చేది దగ్గు.

సరే, దసరాకు వస్తావు కదా, మా అమ్మ సకినాలు చేస్తానంటోంది. అంతదాకా నేను ఆగలేను. తెల్లవి నావి, డి4 ఆడాను. మళ్ళీ గోడే కడతానంటే కట్టు, కానీ ఎఫ్5 తోసే ముందు ఆ ఒంటె ఎటు బయటపడుతుందో చూసుకో. ఈ రాత్రి డ్యూటీకి పోయే లోపు నీ ఎత్తు పంపు. దగ్గుకు డాక్టర్‌కు కూడా చూపించుకోరా.

నీ
హన్మకొండ దోస్తు