యాసని స్లాంగ్ పెట్టెలో వేయకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రిక విశాఖ పేజీలో కొన్నాళ్లుగా కుర్రకారు మాటల్ని, వాటి అర్థాల్ని ఒక చిన్న పెట్టె కట్టి వేస్తున్నారు. మంచి పనే. ‘క్రింజ్’ అంటే చూసేవాడికే సిగ్గేసేంత అతి అని అందులోనే తెలిసింది. మావాడు ఆ మాట నన్నెందుకు అంటుంటాడో కూడా తెలిసింది, అది వేరే సంగతి. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ల కోసం పొట్టిపేర్లు వేయడం ఇంకా బాగుంది. ఆటోవాడు ‘కాంప్లెక్స్, కాంప్లెక్స్’ అని అరుస్తుంటే అదేదో షాపింగ్ మాల్ అనుకునేవాళ్లు నిజంగానే ఉన్నారు. ద్వారకా బస్‌స్టేషన్ అని వాళ్లకి ఎవరు చెప్పాలి? ఎన్‌ఏడీ అంటే నేవల్ ఆర్మమెంట్ డిపో అని ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లలోనూ చాలామందికి తెలీదు.

పేచీ ఎక్కడంటే, పోయిన వారం ‘లైట్ తీస్కో’, ‘బిస్కెట్ అయ్యాడు’ పక్కనే ‘గుంట’, ‘బేగి’, ‘ఒగ్గేయ్’, ‘గావాల’ కూడా చేర్చేసి, మొత్తానికి ‘వైజాగ్ స్లాంగ్’ అని పేరు పెట్టారు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టకూడదండి. ‘లైట్ తీస్కో’ లాంటివి సినిమాల్లోంచో ఫోన్లలోంచో ఊడిపడతాయి, నాలుగేళ్లు ఊరంతా తిరుగుతాయి, పోతాయి. మా రోజుల్లో ఎవడైనా గొప్పలు పోతుంటే ‘కటింగ్ ఇస్తున్నాడు’ అనేవాళ్లం. ఇవాళ అంటే మా ఇంట్లో పిల్లలు క్షవరం అనుకున్నారు. ‘బేగి రండి, బస్సెల్లిపోద్ది’ అనే ముసలమ్మ ఫ్యాషన్ కోసం అనదు కదా. వాళ్లమ్మ అలాగే అంది, వాళ్లమ్మమ్మా అలాగే అంది. ఇంకో మాట అడుగుతాను. వాగుని మేం గెడ్డ అంటాం. అదీ స్లాంగేనా? మేఘాద్రిగెడ్డ నీళ్లు తాగుతూ ఆ మాట అనగలమా?

పోనీ పెట్టెలో పెట్టారే అనుకోండి, అర్థాలైనా సరిగ్గా ఇవ్వాలి. ‘ఒగ్గేయ్’ దగ్గర ‘లైట్ తీస్కో’ అని రాశారు. మా వైపు మనిషి ‘పిల్లని బడికాడ ఒగ్గేసి వచ్చినాను’ అంటే బడి దగ్గర దింపి వచ్చిందని. ఆ పిల్లని ఆవిడ లైట్ తీసుకుందనుకుంటే ఎలాగండీ? ‘గుంట’కి ‘అమ్మాయి’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. తల్లి ‘మా గుంటకి జొరం’ అంటే అందులో ముద్దే తప్ప చిన్నచూపు ఉండదు. అదే మాట దారిన పోయే పిల్లని పట్టుకుని పరాయివాడు అన్నాడో, చెంప పగులుద్ది. ఎవరు ఎవరిని అనొచ్చో రాయకుండా అర్థం ఒక్కటే ఇస్తే, కొత్తవాడు రేపు మద్దిలపాలెం జంక్షన్‌లో ఆ మాట వాడి తన్నులు తింటాడు. కుర్రకారు మాటల్లోనూ ఇదే తంతు. ‘ఫిగర్’కి ‘అందమైన అమ్మాయి’ అని మర్యాదగా రాశారు. కాలేజీ బస్టాపులో నిలబడ్డ ఆడపిల్లల్ని అడగండి, ఆ మాటకి అసలు అర్థం వాళ్లు చెబుతారు.

నేను మహారాణిపేటలో కలెక్టరేట్ దగ్గర అర్జీలు రాసిపెడుతుంటాను. సోమవారం వస్తే ప్రజా సమస్యల పరిష్కార వేదిక కదా, పద్మనాభం, ఆనందపురం వైపు నుంచి జనం పొద్దున్నే దిగిపోతారు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు విని, ఆఫీసు భాషలోకి మార్చడం నా పని. ‘గావాల’ గురించి నాకింత పట్టింపు అందుకే.

ఒకావిడ వచ్చింది. మేకపోతు పోయింది. ఒక స్టేషన్‌కి వెళ్లి, పక్కింటాయన మీద అనుమానంగా ఉందని చెప్పుకుంది. ఆవిడ అన్నది ‘ఆడే తోలుకుపోనాడు గావాల’ అని. గావాల అంటే కాబోలు. తోలుకుపోయాడేమో, తను కళ్లతో చూడలేదు, అంతే. రాసుకున్న కుర్రాడు వేరే జిల్లావాడు, అతని చెవికి అది ‘కావాలి’లా వినబడింది. కాగితం మీద ‘కావాలనే తోలుకుపోయాడు’ అని పడింది. అనుమానం కాస్తా ఆరోపణ అయి కూర్చుంది. పక్కింటాయన్ని పిలిపించారు, రెండు కుటుంబాలకీ మాటల్లేకుండా పోయాయి. ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వస్తే చదివి వినిపించాను. ‘ఓలమ్మో, నానెక్కడన్నాను బాబూ ఆ మాట!’ అని ఆవిడ నెత్తి కొట్టుకుంది. ‘తీసుకువెళ్లి ఉండవచ్చునని అనుమానం’ అని మళ్లీ రాసి ఇచ్చాను. ఆ కుర్రాడిదీ తప్పనలేను. ఉద్యోగంలో చేరేటప్పుడు అతనికి కంప్యూటర్ నేర్పారు గానీ, గావాలకి అర్థం ఎవరూ చెప్పలేదు.

మీ విలేకరులకీ ఒక మాట. స్లాంగ్ కుర్రాళ్ల దగ్గరే ఉందనుకోకండి, మీ శీర్షికల్లోనే బోలెడుంది. చిట్టీల కంపెనీ జనం డబ్బుతో పారిపోతే ‘బోర్డు తిప్పేసింది’ అంటారు, గుమాస్తా ఆఫీసు డబ్బు కాజేస్తే ‘చేతివాటం’ అంటారు. మొదటిది చదవడానికి సరదాగానే ఉంటుంది, డబ్బు పోయినవాడికి తప్ప. రెండోది నాకు బొత్తిగా నచ్చదు. దొంగతనాన్ని దొంగతనమనే రాయండి.

గిడుగు రామమూర్తి గారు శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టినవారే. ఆయన పుట్టినరోజని ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, దండలు వేస్తాం. మర్నాడు అదే వేదిక మీద ఎవరైనా ‘ఏటి సేస్తన్నావు’ అంటే నవ్వుతాం. సినిమాల్లో అయితే మా యాస మాట్లాడేవాడు చాలాసార్లు పనివాడో అమాయకుడో అయ్యుంటాడు. పత్రిక కూడా దానికి స్లాంగ్ అని ముద్ర వేస్తే, బడిలో ‘నాను’ అన్న పిల్లాడు ఇంకోసారి నోరు విప్పడు.

ఇలాంటి పని సక్రమంగా చేసిన దాఖలా మనకుంది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వ్యవసాయ పదాల మాండలిక కోశం తెచ్చింది. 1971లో చేనేత పదాలది వచ్చింది. ఏ మాట ఏ ప్రాంతానిదో అందులో పక్కనే చూపించారు. రోజూ పెట్టె నింపే మీకు అంత శ్రమ అక్కర్లేదు గానీ, కుర్రకారు మాటలకి ఒక పెట్టె, ఉత్తరాంధ్ర మాటలకి వేరే పెట్టె కట్టండి. ప్రతి మాట దగ్గరా ఏ ఊరివైపుదో, ఎవరు ఎవరితో అంటారో ఒక వాక్యం రాయండి. మాటలు పంపమని పాఠకుల్ని అడగండి. హార్బర్‌లో వలలు అల్లేవాళ్లని, పూర్ణా మార్కెట్‌లో కూరలమ్మేవాళ్లని అడిగితే మీకు ఏడాదికి సరిపడా దొరుకుతాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం తెలుగు శాఖ ఊళ్లోనే ఉంది, అర్థాలు ఒకసారి వాళ్లకి చూపించి వేయొచ్చు. అలా పోగైన వాటిని కలెక్టర్ గారు ఓ పది పేజీల కాగితంగా అచ్చు వేయించి, కొత్తగా బదిలీ మీద వచ్చే గుమాస్తాలకీ, కానిస్టేబుళ్లకీ, ఆస్పత్రి సిబ్బందికీ ఇప్పిస్తే ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

అవన్నీ తర్వాతైనా ఫర్వాలేదు. ‘ఒగ్గేయ్’, ‘గుంట’ అర్థాలకి సవరణ మాత్రం ఈ వారమే వేయగలరని మనవి.

ఇట్లు,
ఒక అర్జీ లేఖకుడు,
మహారాణిపేట, విశాఖపట్నం.