నాన్న కాలు విషయంలో తోడున్న అందరికీ థాంక్స్

నాన్న కాలి రక్తనాళంలో బ్లాక్ ఉంటే స్టెంట్ వేశారు, ఇంటికి వచ్చేశాం, ఇప్పుడు పాల కేంద్రం దాకా మధ్యలో ఆగకుండా వెళ్లొస్తున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పడం నా వల్ల కాలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

మొదటి థాంక్స్ మా ఖమ్మంలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయికి. నాన్నకు కాస్త దూరం నడిస్తే ఎడమ పిక్క పట్టేసేది, నిలబడితే తగ్గేది, మళ్లీ నడిస్తే మళ్లీ అంతే. మోకాలి అరుగుదల అని ఒకరు, నడుములో నరం నొక్కుకుపోయిందని ఒకరు, వయసు అని అందరూ. ఎక్స్‌రేలు, ఎంఆర్ఐ, సంచీడు మాత్రలు. ఈ అమ్మాయి మాత్రం చెప్పులు విడిపించి, పాదం మీద, చీలమండ వెనకాల వేళ్లు పెట్టి చూసి, "అంకుల్, ఈ కాల్లో నాడి అందట్లేదు, ఎక్సర్‌సైజులు తర్వాత, ముందు డాప్లర్, అంటే కాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్, తీయించుకోండి" అంది. తనకు రావాల్సిన ఫీజు వదులుకుని మరీ చెప్పింది. నడుము నరం వల్ల అయితే కూర్చున్నప్పుడో ముందుకు వంగినప్పుడో హాయిగా ఉంటుందట, రక్తం అందక వచ్చే నొప్పికి ఊరికే నిలబడినా చాలట. ఈ ఒక్క ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదు!

హైదరాబాద్‌లో చూసిన వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జన్ గారికి రెండో థాంక్స్, బయట అంత క్యూ ఉన్నా మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పినందుకు. చేతి దగ్గర బీపీ, చీలమండ దగ్గర బీపీ రెండూ చూసి, కాలిది చేతిదానితో భాగిస్తారు. 0.9 కానీ అంతకంటే తక్కువ కానీ వస్తే కాలి రక్తనాళాల్లో బ్లాక్ ఉన్నట్టు. షుగర్ బాగా పాతదైతే నాళాలు గట్టిపడి ఈ లెక్క తప్పుగా ఎక్కువ చూపించొచ్చు, అప్పుడు బొటనవేలి దగ్గర కూడా ప్రెషర్ చూస్తారు.

ఇదేదో ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బా సార్ అని అమ్మ అడిగితే ఆయన నవ్వారు. 2015 నాటికి ప్రపంచంలో 25 ఏళ్లు దాటినవాళ్లలో దాదాపు 5.5 శాతం మందికి, అంటే 23 కోట్ల పైమాటే, ఈ సమస్య ఉందని అంచనా, అందులో ముప్పావు వంతు దాకా మనలాంటి దేశాల్లోనే. 2000లో వచ్చిన చెన్నై సర్వేలో అయితే మొత్తం మీద 3.2 శాతం, షుగర్ ఉన్నవాళ్లలో 6.3 శాతం. నాకు వీటికంటే కంగారు పుట్టించింది అమెరికాలో 2001లో వచ్చిన ఇంకో లెక్క. డెబ్బై దాటినవాళ్లని, యాభై దాటి షుగరో సిగరెట్టో ఉన్నవాళ్లని మామూలు క్లినిక్కుల్లో పరీక్షిస్తే నూటికి 29 మందికి ఉందట, కానీ వాళ్లలో నాన్నలా నడిస్తే పిక్క పట్టేసే నొప్పి ఉన్నది పదిమందిలో ఒకరికే. మిగతావాళ్లకు ఉన్నట్టే తెలియదు, తెలియకపోయినా గుండెపోటు, పక్షవాతం ముప్పు మాత్రం వాళ్లకూ ఎక్కువే. మన ఇళ్లల్లో షుగర్ ఉండి, పొగ తాగుతూ, బయటికి కదలకుండా టీవీ ముందు కూర్చునే పెద్దవాళ్లు ఎంతమందో లెక్కేసుకోండి, అసలు నడవని మనిషికి నడిస్తే వచ్చే నొప్పి ఎలా తెలుస్తుంది? అలాంటివాళ్లని ఈసారి చెకప్‌కి తీసుకెళ్లినప్పుడు పాదాల్లో నాడి కూడా చూడమని అడగండి, దానికి మెషీన్ కూడా అక్కర్లేదు.

మా బావకి స్పెషల్ థాంక్స్. స్టెంట్ వేశాం కదా అని వదిలేయకుండా నాన్న రోజూ నడవాలని సర్జన్ గారు అన్నారు, నొప్పి వస్తే ఆగి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టాలి. బావ ఆఫీసు నుంచి వచ్చి బట్టలైనా మార్చుకోకుండా నాన్నని బయల్దేరదీస్తున్నాడు. నాన్న సిగరెట్లు కూడా మానేశారు, అమ్మ అయితే ఇంకా రోజూ చొక్కా జేబులు వెతుకుతూనే ఉంది.

డబ్బు సర్దినవాళ్లకు వచ్చే నెల జీతం నుంచి కొంచెం కొంచెంగా పంపిస్తాను, వద్దని మొహమాటపడకుండా మీ ఫోన్‌పే నంబర్లు మెసేజ్ చేయండి.