అద్దకం అచ్చులకు బందరులో ఒక హాలు కావాలి

ఎడిటర్ గారికి,

మచిలీపట్నం కలంకారీ అనగానే అందరూ రంగుల గురించి, ఎగుమతుల గురించి మాట్లాడతారు. బట్ట మీద ఆ డిజైన్లు అద్దే చెక్క అచ్చుల సంగతి ఎవరికీ పట్టదు. మాది అద్దకం కుటుంబం. నాన్న పోయాక షెడ్డు మూసేశాం. ఈమధ్య ఒక బేరగాడు వచ్చి, అటక మీదున్న టేకు అచ్చులు అమ్ముతారా అని అడిగాడు. పెద్ద ఊళ్లలో వాటిని ఇంటి గోడలకు తగిలించుకుంటున్నారట. నేను ఇవ్వలేదు. మా వీధిలో ఇచ్చేసినవాళ్లు ఉన్నారు. వాళ్లనేం అనగలం? పని ఆగిపోయిన ఇంట్లో, చెదలు పట్టే చెక్కను ఎన్నాళ్లని కాపాడతారు!

కానీ ఒక డిజైనుకు ఒక్క అచ్చు సరిపోదు. నల్ల గీతకు ఒకటి, ఎరుపుకు ఒకటి, అంచుకు వేరే, మూలకు వేరే. అన్నీ సరిగ్గా కలిస్తేనే ఆ పువ్వు వస్తుంది. వాటిలో ఒకటి అలంకారానికి పోతే మిగతావి ఉన్నా లేనట్టే.

కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేసిన బట్ట లేత పసుపుగా ఉంటుంది. తుప్పు ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన నీళ్లను అచ్చుకు పట్టించి, బట్ట మీద ఆనించి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దేవాడు నాన్న. చూస్తుండగానే గీత నల్లబడేది. పటిక అద్దిన చోట మాత్రం అప్పటికి ఎరుపు జాడే ఉండదు. కాలవ నీళ్లలో జాడించి, రంగు వేర్లు వేసి ఉడకబెట్టాకే అది పైకొస్తుంది. అప్పటిదాకా ఇంటిల్లిపాదికీ టెన్షనే.

గోల్కొండ సుల్తానుల కాలంలో పర్షియా వాళ్లు మెచ్చే తీగలు, పూలు ఈ అద్దకంలోకి వచ్చాయి. ఆ బట్టలు మన రేవు నుంచే ఓడలెక్కాయి. అచ్చు అరిగితే దాన్నే నమూనాగా పక్కన పెట్టుకుని కొత్తది చెక్కేవారు. 1864 తుపాను బందరును ఊడ్చేసినా, ఆ పువ్వులు మన దాకా రావడానికి అదే ఆధారం. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలను లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం భద్రంగా దాచుకుంది. అచ్చులను దాచాల్సింది మనమే కదా.

నగరపాలక సంస్థ, చేనేత జౌళి శాఖ కలిసి ఊళ్లో ఒక హాలు ఇవ్వాలి. అచ్చులు ఎవరివి వాళ్లవిగానే ఉండాలి, తీసుకున్నందుకు రసీదు ఇవ్వాలి. ప్రతి అచ్చునూ బట్ట మీద అద్ది, ఏ రంగుదో, ఏ సెట్టులోదో, ఎవరింటిదో పక్కన రాయాలి. మంగినపూడి బీచ్‌కు వచ్చే జనం ఆదివారం పూటైనా అద్దకం కళ్లారా చూసేలా ఒక బల్ల వేయాలి, ఆ పనివాళ్లకు కూలి కట్టివ్వాలి. ఊరికే చేసిపెట్టమంటే ఎవరూ రారు, రావాల్సిన పనీ లేదు.

మా ఇంట్లో ఉన్నవన్నీ ఇస్తాను. పెడనలో అచ్చులు చెక్కే చేతులు ఇంకా ఉన్నాయి. విరిగిన సెట్లలో ఏ ముక్క ఏ పువ్వుదో గుర్తుపట్టగలిగేది వాళ్లే. హాలు కట్టడానికి ఏళ్లు పట్టినా సరే, వాళ్లను కూర్చోబెట్టి రాయించే పని మాత్రం ఈ ఏడాదే మొదలుపెట్టండి.

— ఒక అద్దకం పనివాడి కూతురు, మచిలీపట్నం